ముగ్గురు బాలింతలు

మాఘమాసం వెళ్లిపోతున్న రోజుల్లో వినుకొండ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా మనిషికన్నా ముందు పలకరించేది తుమ్ము. మాలకొండయ్య కళ్లంలో మిరపకాయలు ఎర్ర తివాచీ పరిచినట్టున్నాయి. దాని మీద నడవడానికి మంత్రిగారు రావడమొక్కటే తక్కువ. మంత్రిగారికి తీరిక లేదు కాబట్టి మాలకొండయ్యే నడుస్తున్నాడు. లుంగీ ఎగ్గట్టి, పాదాలు ఈడుస్తూ కాయల మధ్య సాళ్లు తీస్తున్నాడు. కిందికాయ పైకి రావాలి, పైకాయ కిందికి పోవాలి, ఎండ అన్నిటికీ సమానంగా తగలాలి. నడిచినంత మేరా తుమ్ముతున్నాడు.

“ఒరేయ్ మాలకొండా! నీ తుమ్ముకి నా కళ్లంలో కాయలు లేచిపోతన్నాయిరా!” అని పక్క కళ్లంలోంచి అరిచాడు బుల్లయ్య.

“పోనీరా! నా తుమ్ములో దమ్ముంది, నా కాయలో సొమ్ముంది. నీ దగ్గరేముంది, దుమ్ము తప్ప!”

తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మాటకు మాట కట్టడంలో మాలకొండయ్యను గెలిచినవాడు ఆ ఊళ్లో లేడు. కరెంటు పోయినప్పుడు జనం విసనకర్రకన్నా ముందు ఆయన్ని వెతుక్కుంటారు. ఉక్కపోత తగ్గకపోయినా ఉక్కపోత గుర్తుండదు.

అంతలో ఆయన ఇంట్లోంచి అనీసా బయటికి వచ్చింది. ఊరికి ఆశా వర్కరు. భుజాన సంచీ, చేతిలో గొడుగు, ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు ఇవాళ లేదు. కళ్లం గట్టు మీద ఆగి, “బాబాయ్” అని పిలిచింది. “నీ కళ్లంలో ఉన్న ఎరుపు అమ్మాయి కళ్లల్లో లేదు.”

ఇంకొకప్పుడైతే మాలకొండయ్య చప్పట్లు కొట్టేవాడు. అంత మంచి మాట తన నోట్లోంచి రానందుకు కాస్త కుళ్లుకునేవాడు కూడా. ఇవాళ మాత్రం ఎత్తిన పాదం కాయల మీదే ఆగిపోయింది.

“ఏందమ్మా నువ్వనేది?”

“రెప్ప కిందికి లాగి చూశా. సున్నం కొట్టిన గోడలా ఉంది. కాన్పప్పుడే రక్తం తక్కువని చెప్పారు గదా, రెండు వారాలైనా పెరగలేదు. వచ్చే వారం మళ్లీ పరీక్ష. అప్పటికి ఇంకా దిగితే పెద్దాసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాల్సిందేనంది డాక్టరమ్మ. పసిగుడ్డుతో అక్కడ పడిగాపులు పడాలి.”

“మాత్రలు మింగుతోంది గదా!”

“మింగుతోంది, టీతో. టీతో వేసుకుంటే అందులో ఇనుము ఒంటికి సరిగా పట్టదు బాబాయ్. నిమ్మకాయ నీళ్లతో వేసుకోమంటే పిన్ని ఒప్పుకోవడంలా. ఆకుకూర పెట్టమంటే చలవంటది. జామకాయ పెట్టమంటే జలుబంటది. బొప్పాయి పేరెత్తితే నన్నే బయటికి పంపేట్టుంది. ఆకుకూరల్లో ఇనుము ఉంటది, పుల్లటి కాయల్లో ఉండే సి విటమిను ఆ ఇనుముని ఒంటికి పట్టిస్తది. ఈ రెండూ ఆ పిల్ల కంచంలోకి రావాలి.”

“ఇనుమంటే మా కొట్టంలో పాత నాగలి కర్రు ఉందమ్మా, ఉడకేయమంటావా?” అన్నాడు మాలకొండయ్య అలవాటుగా. అని, తన మాటకు తనే నవ్వలేకపోయాడు.

“ఆ ఇనుము పొలానికి, ఈ ఇనుము పిల్లకి. నవ్వులాట కాదు బాబాయ్. నా మాట పిన్ని వినదు. నీ మాటైనా వింటదేమో చూడు.”

ఊరంతా వినే మాలకొండయ్య మాటను వినని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఆయన ఇంట్లోనే ఉంది.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు మాలకొండయ్య ఒక కొత్త పని చేశాడు. రోజూ వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. వచ్చేపోయే వాళ్లను పలకరిస్తూ తింటే గానీ ముద్ద దిగేది కాదు. ఇవాళ పీట ఇటు తిప్పుకుని గది వైపు కూర్చున్నాడు. భార్య నాంచారమ్మ ఆశ్చర్యంగా చూసింది. కంచంలో టమాటా పప్పు, బెండకాయ వేపుడు వేసింది. పక్కన ఉప్పూ కారం చల్లిన జామకాయ ముక్కలు పెట్టింది.

గదిలో మంచం మీద, కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు సాయిలక్ష్మి కూర్చుని ఉంది. తలకూ చెవులకూ గుడ్డ బిగించి కట్టింది తల్లి. ఒళ్లో పసిది నిద్రపోతోంది. ఒడికి ఎడంగా పట్టుకున్న గిన్నెలో తెల్లటి అన్నం, మీద నల్లటి కరివేపాకు కారప్పొడి, కాల్చిన వెల్లుల్లి రెబ్బలు, కాస్త నెయ్యి. నిన్నా అదే, మొన్నా అదే, రేపూ అదే. సాయిలక్ష్మి ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోబోతూ తండ్రి కంచం వైపు చూసింది. చూపు బెండకాయ ముక్కల మీద ఒక్క క్షణం వాలి, తప్పు చేసినట్టు చప్పున లేచిపోయింది.

మాలకొండయ్య చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు.

“ఇదేందే, పిల్లకి కారం తప్ప ఇంకేమీ లేదా ఈ ఇంట్లో?”

“బాలింతకి పథ్యం అట్టాగే పెడతారు. మీ అమ్మ నాకు పెట్టలా?”

“మా అమ్మది అధికారం. నీది మమకారం. ఏ కారమైనా పిల్ల కంట్లోనే పడుతోంది. పాపం ఆ అనీసా ఉపకారం చేద్దామని వస్తే నీకది అపకారంలా కనపడుతోంది!”

“నీది నోటికారం. అన్నం తిను.”

“పాలిచ్చే తల్లికి పాలకూర పనికిరాదంటావా? పేరులోనే పాలున్నాయి గదే!”

నాంచారమ్మ గరిటె గిన్నెలో పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. “నీకంతా పేర్లతో ఆట. ఈ సాయి పాలు తాగే రోజుల్లో నోరు చప్పబడిందని ఒక్క దోసకాయ ముక్క తిన్నాను, మీ అమ్మ చూడకుండా. ఆ సాయంత్రానికి పిల్లకి ఒళ్లు కాలిపోయింది. ఎత్తుకుని తిరిగింది నేను, నువ్వు కాదు. ఆ భయం నీకేం తెలుసు?” ఆమె గొంతులో కోపం లేదు. ఆ రోజు పిల్లను ఎత్తుకున్న చెయ్యే ఇప్పుడు కూడా గాలిలో చిన్నగా వంగింది.

మాట తోచనప్పుడు మాలకొండయ్య చేసేది ఒక్కటే, గొంతు పెంచడం.

“అయితే ఇవాళ్టి నుంచి నాకూ పథ్యమే పెట్టు! పిల్లేం తింటే నేనూ అదే తింటా.”

“నువ్వేమన్నా కన్నావా?”

“కన్నాను. కళ్లారా కన్నాను, అమ్మాయి కంచంలోకి!”

గదిలోంచి సాయిలక్ష్మి నవ్వింది. కాన్పయిన తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ నవ్వుతో మాలకొండయ్యకు ఎక్కడలేని ఊపు వచ్చింది. బెండకాయ వేపుడు పక్కకు నెట్టి, జామకాయ ముక్కలు వీధిలో పోతున్న మేకకు వేసి, “తీసుకురావే కారప్పొడి!” అన్నాడు. నాంచారమ్మ తెచ్చి వేసింది. రెండు రోజులు ఆగితే ఆకలే బుద్ధి చెబుతుందని ఆమె ధైర్యం.

మొదటి రోజు మాలకొండయ్యకు ఇది శిక్షలా అనిపించనే లేదు. వేడన్నం, కరివేపాకు కారం, పైన కమ్మటి నెయ్యి. మిరప పండించేవాడికి కారం వేసి భయపెట్టడమేమిటి? కంచం నాకి లేచాడు. సాయంత్రం కోతల నుంచి వస్తున్న ఆడవాళ్లను ఆపి మరీ చెప్పాడు, “చలిగాలి తగలనీయకండమ్మా, నేను బాలింతని!” అని. తలకు తువ్వాలు చెవులు మూసేలా కట్టుకుని కళ్లంలో తిరిగాడు. ఊరంతా ఆ పూట అదే కబురు. మగ బాలింతను చూడటానికి ఇద్దరు ముగ్గురు పనిగట్టుకుని వచ్చారు కూడా.

రెండో రోజుకు నోరు పూసింది. నాలుక మీద ఏం వేసినా అగ్గిలా ఉంది. మిరియాల చారు పోసుకుంటే ఆ అగ్గికి ఆజ్యం పోసినట్టయింది.

మూడో రోజు పొద్దున్న బాత్రూంలోకి వెళ్లిన మాలకొండయ్య ఎంతకీ బయటికి రాలేదు. పక్కింట్లోంచి బుల్లయ్య గోడమీదుగా అరిచాడు. “ఏరా, కాన్పు కష్టంగా ఉందా? మంత్రసానిని పిలవమంటావా?”

లోపల్నించి ప్రాసలేని సమాధానమొకటి వచ్చింది. అది ఇక్కడ రాయదగినది కాదు.

అటుగా వచ్చిన అనీసాకు ఈ వైభోగమంతా తెలిసి, కళ్లం గట్టు మీద కూర్చుని పడీపడీ నవ్వింది. “కూరల్లో, ఆకుల్లో, పండ్లలో పీచుంటది బాబాయ్. అది లేకపోతే పొట్ట కదలదు. పనిపాటలతో తిరిగే నీకే ఇట్టా ఉంటే, మంచం దిగని ఆ పిల్ల సంగతి ఆలోచించు. అడిగానులే. సిగ్గుపడి చెప్పదు గానీ నాలుగు రోజులుగా ఇదే బాధ.”

మాలకొండయ్య ఇంటి వైపు చూశాడు. తన బాధకు ఊరంతా ప్రేక్షకులు. కూతురు బాధకు గోడలు తప్ప ఎవరూ లేరు.

“పచ్చిమిరపకాయలో కూడా సి విటమిను దండిగా ఉంటదంట,” అంది అనీసా, ఆయన కాళ్ల దగ్గరున్న ఎండు కాయ ఒకటి తీసి తిప్పి చూస్తూ. “ఎండబెడితే చాలా మటుకు పోతదంట.”

“అంటే ఇన్నేళ్లుగా నేను ఎండబెట్టేది కాయని కాదు, విటమిన్ని అన్నమాట!”

“ఎండుకాయలో రంగుంది, రుచుంది, ఊరికి బతుకుంది. దాన్నేం అనకు. దానికి తోడుగా పచ్చగా, పసుపుగా, నారింజ రంగుగా ఇంకేవన్నా కంచంలో ఉండాలంటున్నా. రంగు మారితే లోపలుండే మేలూ మారతది. ఆకుపచ్చదొకటి ఇస్తది, బొప్పాయి ఇంకోటి ఇస్తది, నిమ్మ మరొకటి ఇస్తది. ఒక్కటే అన్నీ ఇవ్వదు బాబాయ్, మనుషుల్లాగే.”

అనీసా వెళ్లాక మాలకొండయ్య చాలాసేపు కాయలు తిరగేయడం మర్చిపోయాడు. ఆ మరుపులోనే బుల్లయ్య కళ్లం వైపు నడిచాడు. బుల్లయ్య చెట్టు నీడలో కూర్చుని దోరజామకాయ కోస్తున్నాడు. ఒక సగం తీసి చేతిలో పెట్టాడు. మాలకొండయ్య ఇటూ అటూ చూశాడు. కొరికాడు. పూసిన నోటికి మండినా, ఆ తియ్యటి వగరు గొంతులోకి దిగుతుంటే కళ్లు మూసుకున్నాడు. రెండో సగం కూడా ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు.

“బాలింత పథ్యం తప్పింది,” అన్నాడు బుల్లయ్య నెమ్మదిగా.

“నోరు ముయ్యరా. ఎవరితోనన్నా అన్నావో…” అని, ఆ బెదిరింపును ప్రాసతో పూర్తి చేయకుండానే మూతి తుడుచుకుని వచ్చేశాడు మాలకొండయ్య.

ఆ మధ్యాహ్నమే, కోసిన కాయ గంప నెత్తిన పెట్టుకుని పొలం నుంచి వస్తున్న నాంచారమ్మ కళ్లం దాకా వచ్చి ఆగింది. గంప దించడానికి చెయ్యి ఇమ్మన్నట్టు భర్త వైపు చూసింది. మాలకొండయ్య లేచి రెండడుగులు వేసేలోపే గంప పక్కకు ఒరిగింది, కాయలు జలజల రాలాయి, నాంచారమ్మ ఆ కాయల మీదే కూర్చుండిపోయింది. పడిపోలేదు. కూర్చుంది. పని మధ్యలో కూర్చోవాలని బుద్ధి పుట్టినట్టు కూర్చుంది. కానీ ముఖం మీద చెమట చల్లగా ఉంది, పెదవుల్లో రంగు లేదు.

“నాంచారీ!”

“ఏం లేదు. ఎండ. కళ్లు తిరిగాయి. కాయలు తొక్కకు, పక్కనించి రా.”

బుల్లయ్య పరుగెత్తి అనీసాను పిలుచుకొచ్చాడు. అనీసా, మాలకొండయ్య కలిసి నాంచారమ్మను గదిలోకి తీసుకెళ్లి కూతురి పక్కనే మంచం మీద పడుకోబెట్టారు. అనీసా నీళ్లు తాగించింది, నాడి చూసింది. తర్వాత రెండు వేళ్లతో కింది రెప్ప లాగి చూసి, సాయిలక్ష్మి రెప్ప కూడా లాగి చూసింది. మళ్లీ నాంచారమ్మది చూసింది.

“పిన్నీ, పొద్దున్నుంచి ఏం తిన్నావు?”

“ఇంట్లో వండిందే.”

“ఏం వండావు?”

“అన్నం.”

“అన్నంలోకి?”

నాంచారమ్మ పైకప్పు వైపు చూసింది. సమాధానం సాయిలక్ష్మి చెప్పింది, పసిదాని వీపు నిమురుతూ, ఎవరి వైపూ చూడకుండా.

“అమ్మ నా దగ్గరే తింటది అనీసక్కా. నేను తిన్న గిన్నెలోనే ఇంత అన్నం వేసుకుని, నా కారప్పొడే కలుపుకుంటది. నేను కాన్పయి ఇంటికొచ్చిన కాడ్నించీ అంతే. కూర వేసుకో అమ్మా అంటే, నాకు కారప్పొడే ఇష్టమే, అంటది. మిగిలిన కూరంతా కోతల వాళ్లకి పెట్టేస్తది.”

గుమ్మం దగ్గర నిలబడ్డ మాలకొండయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆడవాళ్లు ఆఖర్న తింటారు. లోపల తింటారు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, చుట్ట వెలిగించుకుని కళ్లంలోకి వెళ్లిపోయాక తింటారు. ఇన్నేళ్ల కాపురంలో నాంచారమ్మ చేతిలో గరిటె చూశాడు, గంప చూశాడు, కొడవలి చూశాడు. నాంచారమ్మ కంచం చూసిన గుర్తు మాత్రం ఆయనకు ఎంత వెతికినా దొరకలేదు. తను మూడు రోజులు పథ్యం చేసి ఊరంతా చాటింపు వేశాడు, ఆపైన జామకాయ కూడా తిన్నాడు. ఈ మనిషి ఒక్క మాటైనా అనకుండా, రోజూ పొలానికి వెళ్లి గంపలు మోస్తూ, కూతురితో సమానంగా పథ్యం చేస్తోంది.

“ఎందుకే?” అన్నాడు. గొంతు పైకి లేవలేదు.

“పిల్ల అట్టా కారప్పొడి కలుపుకుంటా ఉంటే, పక్కన కూర్చుని నేను బెండకాయ ఎట్టా నమిలేది?”

“మరి నాకు పెట్టావు గదే!”

“నువ్వు ఎండలో పనిచేసే మనిషివి. నీకు పెట్టకపోతే ఎట్టా?”

ఆమె పాదాలకు కళ్లంలోని ఎర్ర దుమ్ము ఇంకా అంటుకునే ఉంది. మాలకొండయ్య ఆ పాదాల వైపు చూసి, నోరు తెరిచాడు. మమకారం, అధికారం అన్నీ వరసగా నాలిక చివరికి వచ్చాయి. వాటి వెనకే నమస్కారమన్న మాట కూడా వచ్చింది. ఏదీ బయటికి రాలేదు.

అనీసా మంచం అంచున కూర్చుంది. “పిన్నీ, నీకూ రక్తం తక్కువే. రేపు నిన్ను కూడా పరీక్షకి తీసుకుపోతా. ముందు నువ్వు ఆకుకూర తినాలి, పండు తినాలి.”

“పిల్లకి పెట్టకుండా నేను తినను.”

“పిల్లకి కూడా పెట్టు.”

“పసిదానికి పడిశం పడితే?”

“దోసకాయ తింటే పిల్లలకి జ్వరాలు రావు పిన్నీ. ఆ రోజు రావాల్సిన జ్వరం నీ దోసకాయ ముక్కతో పాటు వచ్చిందంతే. బాగా కడిగి, ఉడకబెట్టి పెట్టు. ఏదైనా తేడా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, ఉన్నపళాన వస్తా. ఇప్పుడు తిండి లేక నీరసపడేదే నిజమైన తేడా.”

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏళ్ల భయం ఒక్క మాటతో దిగేది కాదు. అనీసాకూ అది తెలుసు. సంచీ సర్దుకోబోయింది.

అప్పుడు సాయిలక్ష్మి ఎప్పుడూ చేయని పని చేసింది. చెవులకు బిగించిన గుడ్డ విప్పి మంచం మీద పెట్టింది. పసిదాన్ని తీసి తల్లి పక్కలో పడుకోబెట్టింది.

“అమ్మా, ఈ పూటనుంచి నాకు వేరే పథ్యం వద్దు. నువ్వేం తింటే నేనూ అదే తింటా. నువ్వు కారప్పొడి తింటే నేనూ కారప్పొడే, రేపు ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుంటా. నువ్వు తోటకూర తింటే నేనూ తోటకూర తింటా. నేను బతకాలనేగా నీ పథ్యం? మరి నువ్వు తిను.”

“బాలింతవి నువ్వు. పచ్చి ఒళ్లు. నాతో నీకు పోటీ ఏందే?”

“నాతో నువ్వు పోటీ పడలా?”

పసిది నిద్రలోనే నాంచారమ్మ చీర చెంగు పట్టుకుంది. కూతురు తినకుండా తను తినదు. తను తినకుండా కూతురు తినదు. తన మొండితనాన్నే కూతురు తీసుకుని తన ఎదురుగా నిలబెట్టింది. నాంచారమ్మ ఆ చిన్న గుప్పిటను విడిపించబోయి మానేసింది.

“ఒక్క పూట,” అంది చివరికి. “ఒక్క పూట తిని చూద్దాం. పసిది తుమ్మిందా, ఇంక మీరెవరూ నా దగ్గర నోరెత్తడానికి లేదు.”

“మిరపకాయల ఊళ్లో తుమ్మకుండా ఉండేది ఎవరే!” అన్న మాట మాలకొండయ్య నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, “నేను వండుతా,” అన్నాడు.

అనీసా, సాయిలక్ష్మి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నాంచారమ్మ లేవబోయింది. అనీసా భుజం పట్టి ఆపింది.

ఇంటి వెనక, కుళాయి నీళ్లు పారే చోట నాంచారమ్మ వేసుకున్న చిన్న మడి ఉంది. పైరుకు మందు కొట్టే చోటికి దూరంగా ఉండాలని కావాలనే అక్కడ వేసుకుంది. తోటకూర మోకాలెత్తు పెరిగి ఉంది. మాలకొండయ్య ఉత్సాహంగా నాలుగు మొక్కలు వేళ్లతో సహా పీకాడు. కిటికీలోంచి చూసిన సాయిలక్ష్మి, “కాడలు తుంచు నాన్నా! వేళ్లుంటే మళ్లీ చిగురేస్తది!” అని అరిచింది. మిగతావి తుంచాడు. గంపలో వేసుకుని కుళాయి కింద ఆకు ఆకూ విడదీసి కడిగాడు. ఒకసారి కడిగితే మట్టి దిగింది. రెండోసారి కాస్త తేరింది. మూడోసారి నీళ్లు తేటగా వచ్చాయి. నలభై ఏళ్లుగా మిరపకాయలో తాలు ఏరిన చెయ్యి ఆకులో పుచ్చు కనిపెట్టడానికి ఇబ్బంది పడలేదు. కత్తిపీట ముందు కూర్చున్నాక మాత్రం ఆ చెయ్యి ఎటు పోతోందో ఆయనకే తెలియలేదు. లేత కాడలు వదిలి ముదురు కాడలు వేశాడని, కాడలు ఉంచి ఆకు పారేశాడని, మంచం మీంచి రెండు గొంతులు ఆపకుండా చెబుతూనే ఉన్నాయి.

“పప్పు కడిగావా?”

“కడిగా.”

“కందిపప్పేనా?”

“డబ్బా మీద రాసుంది!”

“డబ్బా మీద శెనగపప్పని ఉంటది. లోపల కందిపప్పు ఉంటది. వాసన చూడు.”

మాలకొండయ్య వాసన చూశాడు. ఏదైనా పప్పు వాసనే వచ్చింది. కుక్కరు మూత పెట్టి విజిలు లెక్కపెడుతూ, పొయ్యి ముందు రెండు చేతులూ కట్టుకుని, స్కూల్లో శిక్షపడ్డవాడిలా నిలబడ్డాడు. ఆవాలు చిటపటలాడుతుంటే ఒక అడుగు వెనక్కి వేశాడు. వెల్లుల్లి ఎర్రబడగానే తోటకూర పడింది, గిన్నె నిండా ఉన్న ఆకు చూస్తుండగానే గుప్పెడయింది. “ఇంత ఆకు ఇంతేనా!” అని ఆయన నోరు తెరిచిన తీరుకు అనీసా నవ్వు ఆపుకోలేకపోయింది. ఉడికిన పప్పు అందులో కలిపి, దించాక పైన నిమ్మకాయ పిండాడు, గింజలతో సహా. గింజలన్నీ మళ్లీ గరిటెతో ఒక్కొక్కటే ఏరాడు.

“మర్నాటికే రెప్పలు ఎర్రబడతాయా అమ్మా?” అని అనీసాను అడిగాడు గొంతు తగ్గించి.

“నారు పోసిన మర్నాడే కాయ కోస్తావా బాబాయ్? మాత్ర మానకూడదు. రోజూ ఏదో ఒక ఆకు, ఏదో ఒక పండు. వారాలు పడతది. పరీక్షలో ఏమొస్తదో నేను చెప్పలేను గానీ, కింది మెట్టు మీద కాలు పెట్టామని మాత్రం చెప్పగలను.”

“నీకెట్టా చెప్పాలో తెలీట్లేదమ్మా,” అన్నాడు మాలకొండయ్య. మాటలకు కరువు లేని మనిషి నోట ఆ మాట విని అనీసా సంచీ భుజాన వేసుకుని చకచకా గుమ్మం దిగింది. కళ్లు తుడుచుకోవడం వాళ్లకు కనపడకూడదని కాబోలు.

అన్నం వడ్డించి, మధ్యలో గుంట చేసి పప్పు వేశాడు, ఒకే కంచంలో. నెయ్యి వేశాడు. సాయిలక్ష్మి కలిపి మొదటి ముద్ద తల్లి నోటి దగ్గర పెట్టింది. నాంచారమ్మ దాన్ని తీసుకుని, వెంటనే నమలలేదు. కళ్లు పసిదాని ముఖం మీదే ఉన్నాయి. ఆ ముద్ద నోట్లో ఉండగానే పసిదాని నుదుటి మీద వేళ్ల వెనకవైపు ఆనించి చూసింది. తర్వాత నెమ్మదిగా నమిలింది.

“ఉప్పు వేయలా,” అంది.

మాలకొండయ్య ఉప్పు డబ్బాకోసం వంటింట్లోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి నాంచారమ్మ రెండో ముద్ద కలిపి కూతురికి పెడుతోంది. సాయిలక్ష్మి కళ్లు మూసుకుని తింటోంది. బుగ్గ మీదుగా నీళ్లు జారుతున్నాయి. నవ్వుతోంది.

ఆ రాత్రీ మర్నాటి పొద్దుటా నాంచారమ్మ పసిదాని ముక్కు చూసి, నుదురు చూసి, పొట్ట తడిమి, ఏ తేడా దొరకక, దొరకనందుకు కాస్త నిరాశగా కూడా తిరిగింది. పరీక్షకు వెళ్లొచ్చింది. తనకూ మాత్రలు ఇచ్చారు. ఆ మధ్యాహ్నం కారప్పొడి సీసా పొయ్యి దగ్గర కనపడలేదు. అలమర పైఅరలో పెట్టిందెవరో ఎవరూ అడగలేదు. పొయ్యి మీద పాలకూర పప్పు ఉంది. వండింది నాంచారమ్మే. మాలకొండయ్య వంట ఇంకో పూట తినలేనని చెప్పి, ఆయన చేతికి గరిటె మాత్రం ఇచ్చింది.

వసారాలో చాప పరిచింది సాయిలక్ష్మి. తను కూర్చుంది. పక్కన తల్లిని కూర్చోబెట్టింది. గోడకు ఆనుకుని, వెలుతురులో, వీధిలో పోయేవాళ్లకు కనపడేట్టుగా కంచం ముందు పెట్టుకోవడం నాంచారమ్మకు చేతకాలేదు. పైట సర్దుకుంది, కాళ్లు మడిచింది, మళ్లీ చాపుకుంది. మాలకొండయ్య వంగి ఇద్దరి కంచాల్లోనూ అన్నం పెట్టాడు, పప్పు వేశాడు, నిమ్మచెక్క పిండాడు. పక్కన బొప్పాయి ముక్కలు పెట్టాడు. నాంచారమ్మ బొప్పాయి వైపు అనుమానంగా చూసింది. ఒక ముక్క తీసి రుచి చూసి, కూతురి కంచంలో రెండు వేసింది.

మాలకొండయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్లంలోంచి బుల్లయ్య ఏదో వేళాకోళం విసిరాడు. మాలకొండయ్య అటు తల తిప్పలేదు. ఆయన చూస్తున్నది నాంచారమ్మ చేతిని. కాయ కోసి కోసి గోళ్ల చుట్టూ నల్లబడ్డ ఆ వేళ్లు అన్నాన్ని పప్పుతో కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తీసుకువెళ్లి, మళ్లీ కంచంలోకి వచ్చి, ఇంకో ముద్ద చేస్తున్నాయి. ఆకలి వేసిన మనిషి తినడం అంత అందంగా ఉంటుందని ఆయనకు ఇంతకాలం ఎవరూ చెప్పలేదు.

కంచం ఖాళీ అయింది. నాంచారమ్మ తలెత్తకుండానే, సిగ్గుపడుతూనే, కంచాన్ని చాప మీద కొద్దిగా ఆయన వైపు జరిపింది.

“ఇంకో గరిటె వెయ్యి,” అంది.